కప్పకు కూడా వర్తించిన సర్క్యులర్

ఒక కప్ప నా ముప్పై మూడేళ్ల ఉపాధ్యాయ గౌరవాన్ని ఒక్క ఆదివారం మధ్యాహ్నంలో ఎలా నేలమట్టం చేసిందో ఇప్పుడు నివేదిస్తున్నాను. పాఠకులు నవ్వవచ్చు. అయితే ఒకరి తరువాత ఒకరు, క్రమపద్ధతిలో నవ్వవలసిందిగా మనవి.

కోరుట్లలో ప్రధానోపాధ్యాయుడిగా పదవీ విరమణ చేశాక, ప్రతి ఆదివారం సిరిసిల్లలోని మా చెల్లెలి కూతురు స్వరూప ఇంటికి వెళ్లేవాడిని. ఆ ఇంటి ముందు గదిలో నాలుగు మరమగ్గాలున్నాయి. వారమంతా వాటి చప్పుడులో ఎవరి మాట వారికే వినిపించదు. ఆదివారం మగ్గాలు ఆగుతాయి. ఆ ప్రశాంతతలో స్వరూప, ఆమె భర్త శ్రీను, ఆటో నడిపే మల్లేశం బల్ల చుట్టూ చేరి ఒక ఆట ఆడేవారు. మల్లేశం నా పూర్వ విద్యార్థి. తరగతి గది లోపల కన్నా బయట ఎక్కువ నిలబడినవాడు.

ఆ ఆటలో ఒక్కొక్కరు ఒక్కో వీరుడి వేషం ధరించి, అడవుల్లో, కోటల్లో తిరుగుతున్నట్టు కథ చెప్పుకుంటూ, ఇరవై ముఖాల పాచిక వేసి రాక్షసులతో పోరాడతారు. మగ్గానికి వాడే ఖాళీ కండెలే వీరులు. పెద్ద నూలు కోను రాక్షసి. రాక్షసులను నడిపి నియమాలు అమలు చేసే నిర్వాహకుడు ఒకరు అవసరం. ఆ పదవి నన్ను వరించిందని చెప్పుకుంటాను గాని, కుర్చీ లాక్కుని నేనే కూర్చున్నాననడం సత్యానికి దగ్గర.

మల్లేశం వీరుడు ఒక చిత్తడి నేలలో చిన్న కప్ప రాక్షసిని పట్టి పెంచుకున్నాడు. దానికి వచ్చింది ఒక్కటే మంత్రం: అరిస్తే ఎదుటివారు కాసేపు నిద్రపోతారు. అదీ రోజుకు ఒక్కసారే.

"అరుపు ఎవరు అరవాలె సార్?" అని మల్లేశం మొదటిరోజే అడిగాడు.

"జంతువుల గొంతులన్నీ నిర్వాహకుడివేనని పుస్తకంలో ఉంది. నియమమైతే నేనే అరుస్తాను."

తలుపు మూయించి, గొంతు తగ్గించి, ఒక్క "బెక" అనేవాడిని. రోజుకు ఒక్కసారే కదా, భరించాను.

ఇంతలో ఆట పుస్తకానికి కొత్త ముద్రణ వచ్చింది. పాత పుస్తకంలో ప్రతి రాక్షసికీ ఒక మంత్రాల జాబితా, రోజుకు ఇన్నిసార్లన్న లెక్క ఉండేవి. అవి మంత్రాలు గనుక మన మాంత్రికులు ప్రతిమంత్రంతో వాటిని మధ్యలోనే తుంచేసేవారు. కొత్త పుస్తకం ఆ జాబితాలు తీసివేసి, చాలామంది రాక్షసుల మాయను వారి సహజ శక్తిగా మార్చింది. మంత్రం కానిదాన్ని ప్రతిమంత్రం తుంచలేదు. ఆ ఒక్క పుట చదివి నేను పొందిన ఆనందం, పరీక్ష హాలులో చిట్టీ దొరికినప్పుడు కూడా పొందలేదు. మిగతా పుటలు తిప్పడానికి ఓపిక ఎక్కడిది? వెంటనే జగిత్యాల వెళ్లి సర్క్యులర్ టైపు చేయించి, స్టాంపు వేసి, మూడు ప్రతులు తీయించాను.

"ఇందుమూలముగా తెలియజేయునది ఏమనగా, నేటి నుండి రాక్షస జాతికి చెందిన సమస్త జీవుల మాయలు మంత్రములుగా పరిగణింపబడవు. మంత్రములకు గల అడ్డంకులు, పరిమితులు వాటికి వర్తించవు. మినహాయింపులు లేవు."

స్వరూప చదివి తలెత్తింది. "మామ, గిదేంది? నా నీలవేణికి అచ్చిందే ప్రతిమంత్రం. గది పనిచెయ్యకుంటె ఆమె ఏం చెయ్యాలె? రాక్షసికి చాయ్ పెట్టాలెనా?"

నీలవేణి ఆమె మాంత్రికురాలు. నిప్పు, పిడుగు, ఎగరడం అన్నీ వదులుకుని ఆ ఒక్క విద్యనే నేర్పుతూ ఏడాదిన్నర పెంచింది. ఈ ఆటలో చనిపోయినవారు మళ్లీ లేవరు.

"నియమం నియమమే బిడ్డా."

"నడుమల మారిస్తె ఎట్ల మామ?" అన్నాడు శ్రీను. "సగం చీర నేసినంక డిజైన్ మారుస్తమా? గీ ఒక్క కొట్లాట కానియ్యుండ్రి."

"సంతకాలు పెట్టండి."

మల్లేశం మాత్రం రెండుసార్లు చదివాడు. బడిలో వాడు దేన్నీ ఒక్కసారి కూడా చదివినవాడు కాదు. నాకు అప్పుడే చెమటలు పట్టి ఉండవలసింది.

"సార్, మినహాయింపులు అసలే లెవ్వా?"

"అసలే లేవు."

"మస్తుంది సార్" అని ముత్యాల్లాంటి సంతకం చేశాడు.

పోరాటం మొదలైంది. నా రాక్షసి పేరు అగ్నిదంష్ట్ర. ఆమె కోసం పద్నాలుగు పుటల పథకం రాసుకున్నాను. మొదటి మంటకే నీలవేణి ప్రాణం కొసకు వచ్చింది.

"ప్రతిమంత్రం!" అని అలవాటుగా అరిచింది స్వరూప.

"చెల్లదు."

 ఆమె నీలవేణి కండెను బల్ల మీది నుంచి తీసి గుప్పిట్లో దాచుకుంది. ఇంకొక్క మంట చాలు. అప్పుడు మల్లేశం గొంతు సవరించుకున్నాడు.

"సార్, నా కప్ప అరుస్తది."

"ఆటలో ఈ రోజు పొద్దునే కోట ద్వారపాలకుడి మీద అరిచింది. నేటి మంత్రం అయిపోయింది."

"మంత్రం ఏడిది సార్? మీరే తీసేస్తిరి గద." జేబులోంచి సర్క్యులర్ తీసి, వేలు పెట్టి చదివాడు. "'సమస్త జీవులు'. నా కప్ప గుడ రాక్షస జాతే. 'పరిమితులు వర్తించవు'. కింద మీ స్టాంపు. అరవుండ్రి సార్."

 నేను "బెక" అన్నాను. అగ్నిదంష్ట్ర పడుకుంది. శ్రీను యోధుడు కత్తితో నాలుగు వేశాడు.

"రాక్షసి లేస్తున్నది సార్. మళ్ల అరవుండ్రి."

"బెక."

"గింత మెల్లగనా? రాక్షసి చెవులు కోట అంత పెద్దగుంటయి గని, మీ కప్ప గొంతు వినపడాలె గద!"

"బెక బెక!"

మగ్గాలు ఆగిన ఆదివారం ఎంత ప్రశాంతమో ముందే చెప్పాను. ఆ ప్రశాంతతలో నా అరుపు వీధి చివరి దాకా పోయింది. కిటికీలో ఇరుగుపొరుగు తలలు కనిపించాయి. పదకొండో అరుపు దగ్గర గుమ్మంలో ఇద్దరు నిలబడ్డారు. ఆదివారం నేను ఇక్కడ దొరుకుతానని తెలిసి వచ్చిన మా కోరుట్ల బడి ఉపాధ్యాయులు. చేతిలో శాలువా, ఆహ్వాన పత్రిక. బడిలో నేను ఇవ్వవలసిన ఉపన్యాసం అంశం: క్రమశిక్షణ.

"సార్... పనిల ఉన్నట్టున్నరు. మళ్లొస్తం."

"సార్, రాక్షసి కండ్లు తెరిచింది!" అన్నాడు మల్లేశం.

గుమ్మం వైపు చూశాను. స్వరూప బిగించిన గుప్పిట వైపు చూశాను. "మామ, ఒక్కటి" అంది ఆమె, వినీ వినిపించనట్టు. ముప్పై మూడేళ్ల గౌరవాన్ని పక్కన పెట్టి, చొక్కా గుండీలు సరిచేసుకుని, నా జీవితంలోకెల్లా పెద్ద "బెక" అరిచాను. అగ్నిదంష్ట్ర మరి లేవలేదు. స్వరూప కండెను తీసి మళ్లీ బల్ల మీద నిలబెట్టింది. పద్నాలుగు పుటల పథకంలో నేను రెండో పుట కూడా దాటలేదు.

సాయంత్రం బస్సులో, అవమానభారంతో కొత్త పుస్తకం మొదటి పుట తెరిచాను. "నడుస్తున్న ఆటను పాత నియమాలతోనే ముగించుకోవచ్చు" అని ఉంది. మరో పుట తిప్పాను. శక్తిగా మారినా రోజుకు ఇన్నిసార్లన్న లెక్క అలాగే ఉంటుందట. ప్రశ్నపత్రంలో ముందు సూచనలు చదవండని మూడు తరాల పిల్లల చెవులు పిండినవాడిని నేను.

వాళ్లు చెప్పినట్టే మళ్లీ వచ్చి పిలిచారు; కోరుట్ల బడిలో క్రమశిక్షణపై ఉపన్యాసం ఇచ్చాను. వెనుక వరుసలోంచి ఒక్క "బెక" వినిపించింది. ఎవరని నేను విచారించలేదు.

కనుక ఇందుమూలముగా ప్రమాణం చేయుచున్నాను: ఇకపై ఏ పుస్తకాన్నైనా మొదటి పుట నుండి చివరి పుట వరకు చదివిన పిదపనే నియమం మార్చెదను, నడుస్తున్న ఆటలో అసలే మార్చను. ఈ ప్రమాణపత్రం మూడు ప్రతులలో తయారైంది. సాక్షి సంతకం చోట మల్లేశం కప్ప బొమ్మ వేశాడు. దాని కింద స్టాంపు నేనే వేశాను.