రాఖీ కట్టి నాగవ్వ ఏమడిగింది

పెగడపల్లి దాటి లోపలికి పోతే వచ్చే ఆ ఊళ్ళో ఎమ్మెల్యేకు రాఖీ కట్టే ఆడమనిషి నాగవ్వ ఒక్కతే. ఆ సంగతి ఆమె ఎవరినీ మర్చిపోనిచ్చేది కాదు. జగిత్యాలలో ఎమ్మెల్యే ఇంటి ముందు సర్పంచులూ కాంట్రాక్టర్లూ పొద్దంతా కుర్చీల్లో కునుకుతుంటే, నాగవ్వ పెరటి తలుపు తోసుకుని దర్జాగా వంటింట్లోకి పోయేది. ఎమ్మెల్యే తల్లి వెంకటవ్వ మోకాళ్ళకు నువ్వుల నూనె రుద్దుతూ ఊరి ముచ్చట్లన్నీ చెప్పేది. కొడుకు అన్నానికి లోపలికొస్తే తల్లి పక్కన నాగవ్వ కనబడాల్సిందే.

ఇదంతా మోజుకు చేసింది కాదు. ఆమె పెనిమిటి హన్మండ్లు గీత కార్మికుడు. ఒకనాడు తాటిచెట్టు మీంచి జారిపడితే, ట్రాక్టర్ డబ్బాలో గడ్డి పరిచి, గుంతల రోడ్డు మీద జగిత్యాలకు తీసుకుపోయారు. చెట్టు కింద విరిగిన తొడ ఎముక ఆ కుదుపులకు మరింత నాశనమైంది. అప్పటి నుంచి ఆయన కాలు ఈడుస్తూనే నడుస్తాడు. ఊళ్ళో ఒక డాక్టరూ నాలుగు మంచాలూ ఉన్న దవాఖాన తేవాలని నాగవ్వ పట్టుపట్టింది ఆ రోజే.

అయితే మొదటి ఏడు నోరు తెరిచి ఏమీ అడగలేదు. ఎండాకాలం ముంజలు పట్టుకుపోయింది, చలికాలం ముందు సీతాఫలాలు పట్టుకుపోయింది, శ్రావణంలో రాఖీ కట్టింది. "పోంగనే అడిగితే బిచ్చానికచ్చినట్టు సూత్తరు. ముందుగాల ఇంటి మనిషి గావాలె" అనేది మొగుడితో. చివరికి వెంకటవ్వే కొడుకును కసిరింది. "అరే, గా నాగవ్వ ఊరికి దవాఖాన ఇయ్యరాదురా, నా మోకాళ్ళన్న సల్లగుంటయి" అంది. కాగితాలు కదిలాయి.

కదిలాకే నాగవ్వ తన చేతులతో తానే కొంప ముంచుకుంది. అంటే భాగ్యను వెంట తీసుకుపోయింది.

భాగ్య చర్చి వైపు ఇళ్ళల్లోని పిల్ల. తల్లిదండ్రులు కూలికి పోయి పది దాకా చదివించారు. కోరుట్లలో శిక్షణ తీసుకుని ఆశా వర్కర్ అయింది. ఏ ఇంట్లో ఎవరికి నెలలు నిండాయో, ఎవరు దారిలో బిడ్డను పోగొట్టుకున్నారో తనకంటే భాగ్య బాగా చెబుతుందని నాగవ్వే ముచ్చటపడి తోలుకుపోయింది. భాగ్య నిలబడి చెబుతుంటే ఎమ్మెల్యే చేతిలోని చాయ్ పక్కన పెట్టి విన్నాడు. పోయేటప్పుడు "నీ నంబరియ్యి చెల్లె" అన్నాడు.

చెల్లె! రాఖీలు కట్టింది ఒకరు, చెల్లె అయ్యింది ఇంకొకరు. ఆ తర్వాత ఫోన్లన్నీ భాగ్యకే. స్థలం చూడ్డానికి వచ్చిన ఇంజనీరు కూడా "భాగ్య మేడం ఇల్లెక్కడ" అని నాగవ్వనే అడిగాడు. నాగవ్వ అతన్ని ఊరవతలి చెరుకు తోటలోకి తోలింది. ఆ రాత్రి అన్నం కూడా సయించలేదు.

"నీ కడుపుల మంట మీద కుండెడు కూడు ఉడుకుతది. పొయ్యి దండుగ" అన్నాడు హన్మండ్లు.

"నీ కాలు కోసం తిరిగితి సూడు, నన్ననాలె" అంది నాగవ్వ.

అప్పటికి తెలంగాణ కోసం ఊళ్ళన్నీ అట్టుడుకుతున్నాయి. రాజీనామా చెయ్యని ఎమ్మెల్యేలను పొలిమేర తొక్కనివ్వడం లేదు. ఈయన ఇంకా చెయ్యలేదు. అయినా దవాఖాన పని కదా అని ఊళ్ళో ఉద్యమం నడిపే జేఏసీ వాళ్ళు ఒక్కసారికి ఒప్పుకున్నారు. ఉపన్యాసం ఇవ్వకుండా, కొబ్బరికాయ కొట్టి, పునాదిరాయి వేసి, వచ్చిన దారినే పోవాలి. రోజు రాఖీ పున్నమి అని ఖాయమైంది.

నాగవ్వ ఆకుపచ్చ చీర కట్టుకుని, పెద్ద పువ్వున్న రాఖీ కొని, పొద్దున్నే స్థలం దగ్గర నిలబడింది. కారు దిగగానే ఎమ్మెల్యే చూపు కొబ్బరికాయ పళ్ళెం పట్టుకున్న భాగ్య మీద పడింది. "ఏం చెల్లె, అంత తయారేనా" అన్నాడు. ఇన్నేళ్ళ ముంజలూ నూనె రుద్దుళ్ళూ మట్టిలో కలిసిపోయాయి అనుకుంది నాగవ్వ.

అప్పుడు ఆయన ఇటు తిరిగి చెయ్యి చాపాడు. నాగవ్వ రాఖీ కట్టింది. చుట్టూ ఉన్న జనం మొహాలు ముడుచుకునే ఉన్నాయి. వాళ్ళను కాస్త మెత్తబరచాలని కాబోలు, ఆయన గట్టిగా అన్నాడు: "ఏం గావాల్నో అడుగక్కా. ఆడబిడ్డ అడిగితే నీ తమ్ముడు కాదంటడా."

భాగ్య పక్క నుంచి చూసి నవ్వింది. ఊరుకో అన్నట్టు కాదు, అడుగు అన్నట్టు తల కూడా ఊపింది.

ఆ నవ్వు చూసేసరికి నాగవ్వకు ఒళ్ళు మండిపోయింది. దవాఖాన అని అడిగితే ఏమవుతుంది? అది ఎట్లాగూ భాగ్య తెచ్చిందనే అంటారు. భాగ్య అడగలేనిది, రేపు ఊరంతా తన పేరే చెప్పుకునేది అడగాలి.

"రాజీనామ చెయ్యి తమ్మీ" అంది.

జై తెలంగాణ అని లేచిన అరుపుకు పక్క చెట్టు మీది కొంగలు లేచిపోయాయి. ఆయన చేతికున్న రాఖీని చూసుకున్నాడు, జనాన్ని చూశాడు, తప్పించుకునే సందు లేదని తెలుసుకున్నాడు. "చేత్తనక్కా" అన్నాడు. అంతే, ఆయన్ను భుజాల మీదికెత్తుకుని డప్పులతో ఊరేగింపు తీశారు. కొబ్బరికాయ భాగ్య పళ్ళెంలోనే ఉండిపోయింది. పునాదిరాయి మీది గుడ్డ ఎవరూ తియ్యలేదు.

రాజీనామా చేసిన మనిషి ఆఫీసుల గడప తొక్కడు. ఆయన గట్టిగా అడగకుంటే పని సాగదు. కాంట్రాక్టరు కంకర ఎత్తుకుని పోయాడు. ఇదంతా నాగవ్వకు పట్టలేదు. ఆమెను కోరుట్ల సభకు పిలిచారు, జగిత్యాల దీక్షా శిబిరంలో కుర్చీ వేశారు. సిరిసిల్లలో మరమగ్గాల కార్మికులు పూలదండ వేస్తే, అక్కడే మగ్గం నడిపే అల్లుడు "మా అత్తనే" అని అందరికీ చెప్పుకున్నాడు. తిరిగొచ్చిన ప్రతిసారీ భాగ్య ఇంటి ముందు నుంచే నడిచింది, అది దూరమైనా సరే.

సకల జనుల సమ్మె మొదలైంది. బస్సులు ఆగిపోయాయి. సిరిసిల్ల నుంచి తొలికాన్పుకు వచ్చిన నాగవ్వ బిడ్డ స్రవంతికి ఒక పొద్దున నొప్పులు వచ్చాయి. అంబులెన్సుకు ఫోన్ చేస్తే ఎక్కడో రాస్తారోకోలో చిక్కుకుందన్నారు. నాగవ్వ వాకిట్లో నిలబడి గుండెలు బాదుకుంటుంటే, పిలవకుండానే భాగ్య ఆటో తీసుకుని వచ్చింది.

జగిత్యాల రోడ్డు మీద సమ్మె వాళ్ళ వంటావార్పు జరుగుతోంది. నడిరోడ్డున పొయ్యిలు, డప్పులు, పాటలు. కాన్పు కేసంటే దారివ్వని వాళ్ళెవరూ లేరు, ఇచ్చేవాళ్ళే. కానీ ఆటోలోకి తొంగిచూసిన మనిషి నాగవ్వను గుర్తుపట్టాడు. "అగో, ఎమ్మెల్యేతోని రాజీనామ చేపిచ్చిన నాగవ్వ అచ్చింది" అని కేకేశాడు. జనం ఆటో చుట్టూ మూగారు. మెడలో బంతిపూల దండ పడింది, మూతి ముందుకు మైకు వచ్చింది.

"నా బిడ్డకు నొప్పులత్తున్నయి, తొవ్వ ఇడువుండ్రి" అని నాగవ్వ ఏడ్చింది. మైకు ఇంకా మోగడం లేదు, డప్పులు మోగుతున్నాయి. ఆమె చేతులెత్తి మొక్కుతుంటే జనం తమకే దండం పెడుతోందనుకుని చప్పట్లు కొట్టారు. భాగ్య డప్పు లాక్కుని కింద పడేశాక గానీ సంగతి ఎవరికీ తెలియలేదు. అప్పటికి కదిలే సమయం దాటిపోయింది.

వంట చేసే ఆడవాళ్ళు చీరలు అడ్డం పట్టారు. ఆటో వెనక సీట్లో, భాగ్య చేతుల్లో, ఆడపిల్ల పుట్టింది. ఏడవలేదు. భాగ్య బోర్లా పట్టుకుని వీపు రుద్దింది, నోట్లో వేలు పెట్టి తుడిచింది, మళ్ళీ రుద్దింది. నాగవ్వ దండను పిడికిట్లో నలిపేస్తూ నిలబడింది. చివరికి పిల్ల క్యార్‌మంది. నాగవ్వ రోడ్డు మీదే కూచుని ఒడి పట్టింది.

భాగ్య వంట బిందెలోని నీళ్ళతో చేతులు కడుక్కుంటుంటే, నాగవ్వ మనవరాలిని ఒళ్ళో పెట్టుకుని, ఇన్నాళ్ళూ లోపల గుచ్చుతున్న మాట అడిగేసింది.

"గా దినం నన్ను సూసి ఎందుకు నవ్వినవ్?"

"నువ్వు డాక్టర్ను అడుగుతవనుకున్న పెద్దమ్మా" అంది భాగ్య. "సారు ఒట్టి బిల్డింగ్ కట్టిచ్చి సేతులు దులుపుకుందమని సూత్తుండె. అందుకే పున్నమి నాడే రమ్మని నేనే పట్టువట్టిన. రాఖీ కట్టినంక అందరి ముంగట నువ్వడిగితే మాట తప్పడు గదా. నేనడిగితే ఆశా వర్కర్ అడిగినట్టు. నువ్వడిగితే ఆడబిడ్డ అడిగినట్టు."

సిగ్గుతో నాగవ్వ కళ్ళు నిండాయి. మనవరాలు ముందు భాగ్య చేతుల్లోనే పడ్డదని, అంత ఉపాయం తనకు తోచక భాగ్యకే తోచిందని, ఆ ఏడుపులో కూడా ఆమెకు కడుపు కాస్త మండింది. అది అంత తొందరగా పోయేది కాదు.

"అచ్చే పున్నమికి మళ్ళ పోదాం" అంది చివరికి, ముక్కు చీదుకుని. "రాఖీ మాత్రం నేనే కడుత. ఏమడగాల్నో నువ్వు నా చెవుల చెప్పు."

భాగ్య చేతులు కొంగుకు తుడుచుకుంది. "అప్పటికి ఆయన ఎమ్మెల్యే ఉంటడా పెద్దమ్మా?" అంది.

నాగవ్వ మెడలోని దండ తీసి పక్కన పెట్టి, పిల్లకు ఎండ తగలకుండా కొంగు కప్పింది. జగిత్యాల ఇంకా చాలా దూరం ఉంది.