నాలుగు మాడిన గిన్నెలు

రేడియో టెలిస్కోపులతో ఎక్కడో దూరాన ఉన్న గెలాక్సీలను చూడటం ఆవిడ ఉద్యోగం. మధ్యలో బరువైన గెలాక్సీ అడ్డొస్తే వెనకున్నది పెద్దదిగా, వంకరగా, నాలుగుగా కనిపిస్తుంది. దాన్ని సరిచేసి, ఉన్నది ఒక్కటేనని తేల్చడంలో ఆవిడది అందె వేసిన చేయి.

ఆ రోజు ఇంటికి రాగానే ఆడపడుచు గుమ్మంలోనే అందుకుంది.

"వదినా, అన్నయ్య నాలుగు గిన్నెలు మాడ్చేశాడు!"

ఆవిడ చెప్పులైనా విప్పకుండా వెళ్లి మొగుడి మీద విరుచుకుపడింది. ఆయన మాడిన గిన్నె తెచ్చి చూపించాడు. ఒక్కటే.

"మధ్యలో మా చెల్లెలుందిగా, కాస్త సరిచేసుకుని వినొద్దూ?"

"సరిచేయాలంటే ముందు అడ్డున్నదాని బరువు తెలియాలండీ!"

గుమ్మంలో ఉన్న ఆడపడుచు చెవిన ఆ మాట పడనే పడింది. మర్నాటికల్లా అది చుట్టాలందరికీ నాలుగు రకాలుగా చేరింది. సరిచేసుకుని విన్న పుణ్యాత్ముడు ఒక్కడూ లేడు.