వార్డెనమ్మ కడిగించిన ముగ్గు

మొన్న ఆదివారం ఆరాధన అయ్యాక మా మనవరాలు నన్ను రాజమండ్రిలో కొత్తగా తెరిచిన చిత్రాల మ్యూజియానికి తీసుకెళ్ళింది. గోదావరి గట్టు మీది ఆ పాత మిషన్ భవనం, మీలో కొందరికి గుర్తుండే ఉంటుంది, ఒకప్పుడు మా ఆడపిల్లల హాస్టలు. మేం బారులు తీరి కూర్చుని చారన్నం తిన్న హాల్లో ఇప్పుడు ఏసీ పెట్టి గోడలకు పటాలు తగిలించారు. వాటి మధ్య, అద్దం వెనక, నిలువెత్తు ముగ్గు ఒకటి. జనం దాని ముందు నిలబడి ఫోటోలు తీసుకుంటుంటే నాకు ఒళ్ళు మండింది.

ముగ్గు వేసినందుకే ఆ హాస్టలు నన్ను వెళ్ళగొట్టబోయింది మరి. కడియం నర్సరీల్లో మొక్కలకు మట్టి సంచులు నింపే మా అమ్మ, ఏటా క్రిస్మస్ నాటి పొద్దున్నే మా పాక ముందు బియ్యప్పిండితో నక్షత్రం ముగ్గు వేసేది. ఆ ఏడు పండగ హాస్టల్లోనే జరిగింది కనుక, నేనూ వంటామెను గుప్పెడు పిండి అడిగి తెచ్చుకుని వరండాలో వేశాను. విశ్వాసుల గడపలో అన్యుల ఆచారమా అని వార్డెనమ్మ నా చేతనే కడిగించింది. ఆవిడ చెడ్డ మనిషేం కాదు, జ్వరమొస్తే పక్కన కూర్చుని గంజి తాగించిన మనిషే. కానీ నాకు పౌరుషం వచ్చి, తడి ఆరగానే మళ్ళీ వేశాను. మర్నాడు నాన్నను పిలిపించారు. అందరి ముందూ క్షమాపణ చెప్పకపోతే నా చదువు ఆగిపోయినట్టే, నేనూ ఆ మట్టి సంచుల దగ్గరికే.

ఎవరి ముందూ గొంతెత్తి ఎరగని నాన్న, భుజం మీది తువ్వాలు చేతిలోకి తీసుకుని, "మా ఇంటిది కూడా ఏసుబాబు పుట్టిన్రోజని ఇదే ఏత్తాదండి. తప్పంటే మా ఇల్లంతా తప్పేనండి. పంపేత్తానంటే తీసుకుపోతానండి, క్షమాపణ మాత్రం చెప్పించనండి" అన్నాడు. నాన్నను చూసి నేను అంత గర్వపడింది ఆరోజే. వార్డెనమ్మ పిల్లకి అన్నం పెట్టమని వంటామెకు చెప్పి లోపలికి వెళ్ళిపోయింది. మరుసటి ఏడు క్రిస్మస్‌కి పిల్లలందరం కలిసి వరండా నిండా వేస్తే, ఆవిడ ముగ్గు తొక్కకుండా పక్కనుంచి తప్పుకుని నడిచింది.

ఇప్పుడు ఆ మ్యూజియంలో ముగ్గును కాదనేవాళ్ళు లేరు, పైగా కాపలా కూడా పెట్టారు. వరండాలో మాత్రం నున్నటి టైల్స్ పరిచేశారు, పిండి నిలవదు. ఎంత భద్రంగా దాచారో చూడమని మనవరాలు మురిసిపోయింది గానీ, నాకది నచ్చలేదు. ముగ్గు నేల మీద ఉండాలి, వచ్చేపోయేవాళ్ళ కాళ్ళకింద చెదరాలి, మర్నాడు మళ్ళీ వెయ్యాలి. అప్పుడు నాతో వేసినవాళ్ళలో ఇక కొద్దిమందిమే మిగిలాం, వంగితే నడుము లేవదు. అయినా సరే, ఈ క్రిస్మస్‌కి మా అపార్ట్‌మెంట్ గుమ్మంలో పీట మీద కూర్చునైనా వేస్తాను. కడిగేవాళ్ళని కడుక్కోనివ్వండి, మళ్ళీ వేస్తాను.