అంకయ్య మిషను

మార్కాపురం శివార్లలోని ఆ పలకరాతి షెడ్డులో మనుషులను ఒక్కొక్కరుగా పనిలోకి తీసుకోరు, జతగా తీసుకుంటారు. భర్త రంపం మిషను దగ్గర నిలబడి రాతిని కోస్తాడు. భార్య రాయి ఎత్తి అందిస్తుంది, రంపం వేడెక్కకుండా నీళ్ళు పోస్తుంది, కోసిన బిళ్ళలను తడిమి చూసి పగులున్నవాటిని పక్కన పెట్టి మిగతావి పేరుస్తుంది. శనివారం సాయంత్రం ఇద్దరి కూలీ కలిపి భర్త చేతిలో పెడతారు. అందులో భార్యది ఎంత అని విడిగా ఎవరూ చెప్పరు. అలాంటి లెక్క ఒకటి ఉండాలని ఎవరికీ తోచలేదు.

కొమరోలు దగ్గరి పల్లె నుంచి అంకయ్యకు భార్యగా వచ్చి, అదే వారం ఆ షెడ్డులో అతనికి జతగా చేరిన స్వర్ణలతకూ అది సహజంగానే కనిపించింది. మెట్టపొలంలో ఆమె తల్లి జీవితమంతా చేసిన పనిని కూడా అందరూ ఆమె తండ్రి సేద్యమనే అనేవారు.

అంకయ్యను చెడ్డవాడనడానికి ఆధారం లేదు. తాగడు, చెయ్యి చేసుకోడు, పేకాట జోలికి పోడు. అయితే ఆ కూలీ మొత్తం తన ఒక్కడి సంపాదనేనని మనస్ఫూర్తిగా నమ్మాడు. భార్యకు చీర కావలసివస్తే “ఏం కావాలో చెప్పు, కొనిస్తా” అనేవాడు. ప్రేమగానే అనేవాడు. ఆ మాటలో లోపమున్నదని అతనికి తెలియదు, చాలాకాలం ఆమెకూ తెలియలేదు.

కాలక్రమాన రాతిపొడి అతని ఊపిరితిత్తులలో చేరింది. దగ్గు తెర వచ్చినప్పుడల్లా గోడకు ఆనుకుని కూర్చునేవాడు, రంపం ఆగకుండా స్వర్ణలత అతని చోట నిలబడేది. మొదట కాసేపు, తర్వాత పూటలకు పూటలు. మూతికి కొంగు కట్టుకుని రాయి ఆమే ఎత్తింది, ఆమే కోసింది, ఆమే పేర్చింది. శనివారం మాత్రం అంకయ్య లేచి, తువ్వాలతో ముఖం తుడుచుకుని, వరుసలో నిలబడి డబ్బు తీసుకునేవాడు. ఆ బిళ్ళల అంచులు చూసి మేస్త్రీ చెన్నకేశవులు “అంకయ్య చెయ్యంటే చెయ్యే” అని మెచ్చుకున్నాడు కూడా.

చివరకు ఒంగోలులో డాక్టరు ఇక షెడ్డు గడప తొక్కవద్దన్నాడు. మరుసటి సోమవారం స్వర్ణలత ఒక్కతే వచ్చింది.

“మీ ఆయన యాడమ్మా?” అన్నాడు మేస్త్రీ.

“ఇంటికాడ. ఇంక రాడు కేశవులన్నా. మిషను నేను నడుపుతా.”

“నడుపుతావు లే, ఎవరు కాదన్నారు? కానీ జతకు మగోడు ల్యాకుండా మిషను ఇయ్యొద్దని ఓనరు మాట. మీ తమ్ముణ్ణి పిలిపించుకో.”

“వాడు గిద్దలూరులో ఆటో తోలుకుంటుండాడు. రంపం మొగమే చూడలే.”

“నేర్చుకుంటాడు లేమ్మా, మగోడు గదా.”

షెడ్డు ఊడ్చి, బిళ్ళల మధ్య గడ్డి పరిచే వితంతువు ఖాతూన్‌బీ చీపురు ఆపింది. “మగోడే కావాలంటే నేనుండా. ఒక బలపం ముక్క ఇయ్యి కేశవులూ, మీసం ఇప్పుడే గీసుకుంటా. తెల్లదైతే ఏమాయె, మీసం మీసమే గదా!”

షెడ్డంతా నవ్వింది. మేస్త్రీ కూడా నవ్వి, ఆలోచనలో పడ్డాడు. సరుకు పంపవలసి ఉంది, వేరే జత దొరకడం లేదు. కనుక మధ్యేమార్గం చెప్పాడు: ఇద్దరు ఆడవాళ్ళూ నడుపుకోవచ్చు. అయితే మిషను అంకయ్య పేరునే ఉంటుంది, కూలీ అంకయ్యే వచ్చి తీసుకోవాలి. పని పోకుండా ఉంటే చాలుననుకుని స్వర్ణలత ఒప్పుకున్నది.

ఆ విధంగా, తాను ముట్టని మిషనుకు కూలీ తీసుకోవడానికి అంకయ్య శనివారం శనివారం ఆయాసపడుతూ వచ్చేవాడు. పొడితో తెల్లబడిన ఇద్దరు స్త్రీలు వెనుక నిలబడేవారు. అతను డబ్బు తీసుకుని, తనకు న్యాయమని తోచినంత ఖాతూన్‌బీకి ఇచ్చి, “ఖర్చులకు ఉంచుకో వదినా” అనేవాడు.

“నా మొగుడు పోయి ఎన్నేండ్లో ఆయె సొర్ణా,” అన్నది ఖాతూన్‌బీ ఒకనాడు దారిలో. “ఇప్పుడు ఇంకొకాయన నా కూలీ తీసుకోని నాకే దానం చేస్తుండాడు. ఈ నిఖా ఎవరు చేసినారబ్బా నాకు?”

స్వర్ణలత నవ్వలేదు. ఆ రాత్రి అన్నం వడ్డిస్తూ భర్తతో అన్నది: “వచ్చే వారం నుంచి కూలీ నేనే తీసుకుంటానయ్యా. నువ్వు రొప్పుకుంట అంత దూరం రావడమెందుకు?”

“ఎందుకా? నా మిషను గాదూ అది? నలుగురూ ఏమనుకుంటారు?” దగ్గు ఆపుకుని మళ్ళీ అన్నాడు. “ఆ ఒక్క పనీ లేకపోతే ఇంక నేనుండి ఏం చేసినట్టు?”

ఆమె అతని కంచంలో మరికాస్త అన్నం పెట్టింది.

ఆ తర్వాతి శనివారం అంకయ్య మంచం మీది నుంచి లేవలేకపోయాడు. మందుబిళ్ళలు అయిపోయాయి. షెడ్డు బయట లారీ నిలబడి ఉంది, లోడు సగమే అయింది. కూలీ ఇచ్చే వేళకు స్వర్ణలత తానే వరుసలో నిలబడింది.

“అంకయ్య రానీమ్మా,” అన్నాడు మేస్త్రీ. “సోమవారం ఇస్తా.”

ఆమె వెనక్కి వెళ్ళి స్విచ్చి ఆపి, రాళ్ళ మీద కూర్చున్నది. ఖాతూన్‌బీ వచ్చి పక్కన కూర్చున్నది.

“ఏందిది సొర్ణమ్మా! లారీ నిలబడుకోనుంటే!” అన్నాడు మేస్త్రీ.

“మిషను ఆయనది గదన్నా. ఆయన వచ్చినాక నడుస్తాది.”

“ఆయన నడిపి ఎన్నాళ్ళాయె! నడిపేది మీరు గాదూ?” అని అరిచాడు చెన్నకేశవులు.

పక్క మిషన్ల దగ్గర చేతులు ఆగాయి. తానన్న మాట అందరూ విన్నారని అతనికి ఆలస్యంగా అర్థమైంది.

“ఆ మాటే ఓనరుకు చెప్పు,” అన్నది స్వర్ణలత, కూర్చున్నచోటనే.

బయట లారీ డ్రైవరు హారను కొట్టాడు. చెన్నకేశవులు డబ్బు తెచ్చి, “ఈ వారానికే” అంటూ ఆమె చేతిలో పెట్టాడు. ఆమె అతని ఎదుటే దాన్ని సమంగా పంచి ఖాతూన్‌బీకి సగం ఇచ్చి, లేచి మిషను వేసింది. అప్పటినుంచి అతను ప్రతి శనివారం “ఈ వారానికే” అంటూనే ఇస్తున్నాడు. మిషను పేరు మాత్రం ఇప్పటికీ అంకయ్య మిషనే.

ఆ మొదటి శనివారం సాయంత్రం ఇంట్లో అంకయ్య అలవాటు కొద్దీ చెయ్యి చాచాడు. ఆమె ఆ చేతిలో మందుబిళ్ళలు పెట్టి, నీళ్ళు అందించింది.

“డబ్బు?”

“నా దగ్గరుంది. ఏం కావాలో చెప్పు, కొనిస్తా.”

ఆమె గొంతులో ఎత్తిపొడుపు లేదు. అంకయ్య ఆమె ముఖంలోకి చూసి, బిళ్ళలు మింగి, గోడవైపు తిరిగి పడుకున్నాడు. ఆమె దీపం ఆర్పబోతుండగా అన్నాడు.

“తువ్వాల చినిగిపోయింది.”