పండుగకు ముందే తిన్న చిక్కుడుకాయలు

ఆ రోజుల్లో నాకు తెలియని విషయమంటూ ఉండేది కాదు. ఇరవై మూడేళ్ల వయసు, చేతిలో కొత్త టీచరు ఉద్యోగం, సంచిలో కూరగాయల పెంపకం మీద ఎవరో ఉచితంగా పంచిపెట్టిన చిన్న పుస్తకం. ఇంకేం కావాలి! ఇప్పుడు తలుచుకుంటే ఆ కుర్రాణ్ణి దగ్గరికి పిలిచి ఓ మొట్టికాయ వేయాలనిపిస్తుంది. ఆ తర్వాత జాలీ వేస్తుంది.

దమ్మపేట దాటాక బస్సు దిగి, అడవిలో రెండు గంటలు నడిస్తే వచ్చే కోయగూడెంలో నా మొదటి పోస్టింగు. బడి పక్క గుడిసెలో ఓ అవ్వ ఒంటరిగా ఉండేది. నాకు వంట రాదని మొదటిరోజే కనిపెట్టి (నా పొయ్యి పొగ ఊరందరికీ చెప్పేసింది లెండి) పూటపూటకూ ఇంత జావ పోసేది. ఆమె దడి నిండా చిక్కుడు తీగ. దసరా సెలవులకు ఇంటికి బయలుదేరిన రోజు ఆమెకు చెప్పి వద్దామని వెళ్లి, బస్సు తొందరలో దొడ్డి తడిక వేయడం మరిచిపోయాను. మేకలు మాత్రం రావడం మరిచిపోలేదు. సెలవులయ్యాక తిరిగొచ్చేసరికి దడి బోడిగా నిలబడి ఉంది. అవ్వ నన్ను తిట్టలేదు. తిట్టినా బాగుండేది. గూట్లోని సొరబుర్ర తీసి అరచేతిలో వంచుకుంది. తొమ్మిది గింజలు, నల్లగా, అంచున తెల్లగీతతో.

“మా అమ్మగారింటి గింజ సారూ ఇది. ఇవే మిగిలినయ్. నాకు నడుం వంగుతలేదు, నువ్వే పెట్టు.”

“ఇప్పుడా? అదను దాటిపోయింది కదవ్వా! తొలకరికే పెట్టాలని పుస్తకంలో ఉంది.”

“మేకలు నీ పుస్తకం చదివినయా ఏంది? పెట్టు.”

పెట్టాను. ఆ పనిలో నేను చూపిన శ్రద్ధ ఇంతా అంతా కాదు. మొలిచాయో లేదో అని మూడోనాడే మట్టి తవ్వి చూశాను, నాలుగోనాడు మళ్లీ చూశాను. అలా రెండు మొలకల మెడలు నా చేతుల్లోనే విరిగాయి. అవ్వ నెత్తి కొట్టుకుంది. “నువ్వు పండుకున్నంక గంటకోపాలి లేపి చూస్తె నువ్వు పెరుగుదువా సారూ?” అంది. ఆ సాయంత్రమే అసలు సంగతి చెప్పింది. ఊళ్లో కొత్త చిక్కుళ్ల పండుగ జరిగేదాకా ఒక్క కాయ కూడా ఎవరూ నోట్లో పెట్టరు. పండుగనాడు దేవత ముందు ఎవరి ఇంటి కాయలు వాళ్లు పెడతారు. “పెండ్లయిన కాడినుంచి ఒక్క ఏడు తప్పలే. మా అమ్మ గింజ కాయ ఉండాలె” అంది. నేను తలూపాను. (తలూపడం నాకు బాగా వచ్చు.)

చలి ముదిరింది. ఆలస్యంగా పెట్టిన తీగలు మోకాళ్లెత్తుకు కొంచెం పైన ఆగి, పెరగడం మానేసి తొందర తొందరగా పూశాయి. ఒక్క తీగ మాత్రం నా కంటపడకుండా బడి చూరు మీదికి పాకింది. అప్పుడే అవ్వకు చలిజ్వరం పట్టుకుంది. భద్రాచలం దవాఖానాకు పోదామంటే “పండుగ అయినంక” అనేది. నేనిచ్చిన మాత్రలు మింగేది కానీ తిండి ముట్టేది కాదు. ఎండలో చాపమీద పడుకుని రోజూ ఒక్కటే అడిగేది: “కాయ పట్టిందా సారూ?”

పట్టింది. ఆ మధ్యాహ్నం నాకో గొప్ప ఆలోచన వచ్చింది. కనిపించిన కాయలన్నీ తెంపి, జీవితంలో మొదటిసారి మాడకుండా కూర వండి, వేడివేడిగా ఆమె ముందు పెట్టాను. అవ్వ కూర వంక చూసింది, నా వంక చూసింది.

“పండుగ కాలే గద సారూ.”

“మనిషి కన్నా పండుగ ఎక్కువా? తినవ్వా, బలమొస్తుంది” అన్నాను, రెండో తరగతి పిల్లలకు చెప్పినట్టు.

“అన్నీ తెంపినవా?”

“అన్నీ!” అన్నాను గర్వంగా.

ఆమె కాసేపు కళ్లు మూసుకుంది. “నువ్వు ఈ ఊరోనివి కాదు, నీకు తప్పులేదు. పారెయ్యకు, నువ్వు తిను” అంది. నాకు రోషం వచ్చింది. అక్కడే కూర్చుని గిన్నె ఖాళీ చేశాను. ఆఖరి ముద్దప్పుడు “ఉప్పు సరిపోయిందా?” అని అడిగింది. “కొంచెం ఎక్కువైంది” అన్నాను. నవ్వింది. ఆమె నవ్వడం నేను చూసింది అదే ఆఖరు. నాలుగోనాడు పోయింది.

మరో వారానికి పండుగ. ఆడవాళ్లు బుట్టలతో వచ్చి “అవ్వ కాయలేవి సారూ? ఆమె పేరు మీద పెడతం” అన్నారు. నేనే తిన్నానని వాళ్లకు చెప్పాను. చెబుతూనే ఏడ్చాను, పిల్లలు చూస్తున్నారన్న సిగ్గు కూడా లేకుండా. అప్పుడు వాళ్లలో పెద్దామె చూరు మీది తీగ చూసి, గడ్డి ఎత్తి వెతికింది. అక్కడ ఒక్క కాయ, ముదిరి పసుపెక్కి ఉంది. దాన్ని చీల్చి, తొక్క బుట్టలో వేసుకుని, గింజలు నాలుగూ నా చేతిలో పెట్టింది. “తొక్క దేవతకు. గింజ నీకు. ఇగ తవ్వి చూడకు” అంది.

ఇప్పుడు ఖమ్మంలో మా పెరటి గోడమీద ఉన్నది ఆ గింజల తీగే. ఏటా గింజలు దసరా వెళ్లాకే పెడతాను. ఇన్నేళ్లు టీచరుగా చేసి అదనెప్పుడో తెలియదా అని మా ఆవిడ ఎగతాళి చేస్తుంది. గూడెంలో పండుగ అయిందని నా పాత శిష్యుడు కబురు పంపేదాకా ఇంట్లో ఎవరినీ కాయ ముట్టనివ్వను. ఆ రోజు వంట నాదే. మొదటి ముద్ద నోట్లో పెట్టుకుని, ఎవరూ అడక్కపోయినా “కొంచెం ఎక్కువైందవ్వా” అంటాను. మా ఆవిడ నవ్వుతుంది. నేనూ నవ్వుతాను, కాస్త ఆలస్యంగా.