ఇలియే అంకుల్ రెండో పుస్తకం

వంకాయ కాల్చాలంటే మా ఇంట్లో ముందు చేయాల్సిన పని పొగ అలారం మీద తడి తువ్వాలు కప్పడం. మొన్న ఆదివారం అది మర్చిపోయాను. స్టవ్ మీద వంకాయ తొక్క నల్లబడి, చిట్లి, లోపలి రసం మంట మీద పడి చుయ్యిమనేసరికి అలారం ఇల్లదిరేలా మోగింది. మా అమ్మాయి మేడ మీంచి దిగివచ్చి ఏమైనా కాలుతోందా అని అడిగితే, కాలడమే ఇందులో వంట అని చెప్పాల్సి వచ్చింది. తొక్క చేదూ లోపలి తీపీ కలిసి ముక్కు వెనక ఎక్కడో తిష్ఠవేసుకునే ఆ వాసన చాలామంది తెలుగువాళ్ళని అమ్మమ్మగారి కట్టెల పొయ్యి దగ్గరికి తీసుకెళ్తుందట. నన్ను మాత్రం ఇల్లినాయ్‌లోని అరోరాలో, ఒక రుమేనియా సోషలిస్టు పెరట్లోకి తీసుకెళ్తుంది. ఎవరి ప్రాప్తం వారిది.

డెబ్భైల చివర్లో మేము అక్కడ రెండంతస్తుల ఇటుక అపార్ట్‌మెంట్లలో ఉండేవాళ్ళం. ముందొక తెలుగు ఇంజనీరు చేరి, అద్దె తక్కువని ఇంకొకరికి చెప్పి, వాళ్ళు మరొకరికి చెప్పి, కొన్నాళ్ళకి ఆ మెట్లమీద ఏ పూట ఎవరింట్లో ఏం తాలింపు వేశారో చెప్పగలిగే పరిస్థితి వచ్చింది. చలికాలంలో పిల్లలం టీవీ వచ్చిన అట్టపెట్టె విప్పి, దాని మీద కూర్చుని మంచు దిబ్బ మీంచి జారేవాళ్ళం. ఎండాకాలం సాయంత్రాలు మిణుగురులని పట్టి ఖాళీ ఆవకాయ సీసాలో వేసేవాళ్ళం. ఎంత కడిగినా ఆ సీసాకి ఘాటు పోయేది కాదు, పురుగులు అందులో ఆట్టే ఉత్సాహంగా వెలిగేవి కావు. వసంతం మాత్రం పూలతో కాక నీళ్ళతో వచ్చేది. మంచు కరిగిందంటే వీధి కాలవలు పొంగి, ఆ నీళ్ళు వెనక్కి తన్ని బేస్‌మెంట్లలోకి వచ్చేవి. మార్చి నెల రాగానే అమ్మ బియ్యం బస్తాలని ఇటుకల మీదికి ఎక్కించేది. మిగతావాళ్ళు క్యాలెండర్ చూసుకునేవాళ్ళు, మేము ఇటుకలు చూసుకునేవాళ్ళం.

మా బిల్డింగ్ వెనక, కంచె లేని గడ్డి దాటితే, రుమేనియా నుంచి వచ్చిన ఇలియే అంకుల్, ఫ్లోరికా ఆంటీల చిన్న చెక్క ఇల్లు. వాళ్ళకి పిల్లలు లేరు. ఆయన ట్రాక్టర్ల ఫ్యాక్టరీలో పనిచేసేవాడు, యూనియన్ మనిషి. సాయంత్రం షిఫ్టు దిగి మెట్లమీద కూర్చుని, నన్ను "కామ్రేడ్" అని పిలిచేవాడు. అదేం పిలుపని అమ్మ గొణిగేది గాని, పిలిచిన వాళ్ళింటికి వెళ్ళొద్దని మాత్రం అనేది కాదు.

ఆగస్టు చివర ఆయన పెరట్లో బొగ్గుల మీద వంకాయలూ ఎర్ర మిరపకాయలూ కాల్చడం మొదలయ్యేది. మొదటి ఏడాది ఆ వాసనకి అమ్మ కిటికీ తీసి చూసి, చూసి, చివరికి గడ్డి దాటి వెళ్ళింది. ఫ్లోరికా ఆంటీ కాల్చిన వంకాయని చెక్క కత్తితో మెదిపి, ఉప్పూ నూనే కలిపి ఇస్తే, నాలిక మీద వేసుకుని, "ఇది మన పచ్చడేనే, తాలింపు మర్చిపోయారంతే," అని నాతో తెలుగులో అంది. అని ఊరుకోలేదు. ఇంటికొచ్చి, ఆవాలూ ఎండుమిరపకాయలూ ఇంగువా వేసిన గరిటె చిటపటలాడుతుండగానే పట్టుకుని, గడ్డి మీద అడుగులో అడుగు వేస్తూ వెళ్ళి, ఆవిడ గిన్నెలో చుయ్యిమని పోసింది. ఇలియే అంకుల్‌కి దగ్గొచ్చింది, కళ్ళంట నీళ్ళొచ్చాయి, తర్వాత ఇంకో ముక్క రొట్టె అడిగాడు. ఆరోజు నుంచీ రెండిళ్ళ మధ్యా గిన్నెలు తిరగడం మొదలైంది. వంటతో వచ్చిన గిన్నెని ఖాళీగా తిరిగివ్వకూడదని అమ్మ చెబితే, తమ ఊళ్ళోనూ అంతేనని ఆంటీ అంది. మా పులిహోర వెళ్తే రేగుపళ్ళలాంటి ప్లమ్ పళ్ళతో చేసిన వాళ్ళ నల్ల జామ్ వచ్చేది.

ఆయన కథ నాకు ఆ మెట్లమీదే, ముక్కలు ముక్కలుగా తెలిసింది. పద్నాలుగో ఏట పోత ఇనుము ఫ్యాక్టరీలో చేరాడు. భోజనం గంటలో, తోటివాళ్ళ గురించి కథలు రాశాడు. కార్మికుడు కథలు రాశాడని ప్రభుత్వం సంబరపడి పుస్తకం వేసింది. రెండో పుస్తకంలో ఫ్యాక్టరీ క్యాంటీన్ సూప్ ఎంత పలచగా ఉంటుందో రాశాడు. ఒక ఆఫీసరు పిలిచి, సూప్ కాస్త చిక్కబరచమన్నాడు. "నేను రాసేవాణ్ణి, వంటవాణ్ణి కాదు," అన్నాడట ఈయన. ఆ రెండో పుస్తకం అచ్చు కాలేదు, ఆ తర్వాత ఆయన రాసిందేదీ కాలేదు. కొన్నేళ్ళకి ఫ్లోరికా ఆంటీ అన్నయ్య స్పాన్సర్ చేస్తే అరోరా వచ్చారు. "అక్కడ నన్ను కమ్యూనిస్టువి కాదన్నారు, ఇక్కడ కమ్యూనిస్టువే అంటున్నారు," అనేవాడు. "నేనేమో కూర్చున్న చోటునుంచి కదల్లేదు."

ఆ మొదటి పుస్తకం ప్రతులు ఒక పెట్టెడు ఆయన బేస్‌మెంట్‌లో ఉండేవి. ఒక వసంతంలో ఆ పెట్టెలోకి నీళ్ళొచ్చాయి. నేను వెళ్ళేసరికి ఆంటీ తడిసిన పుస్తకాన్ని పేజీ పేజీగా విడదీసి, బట్టలారేసే తీగకి క్లిప్పులు పెడుతోంది. నేనూ క్లిప్పులు అందించాను. మిగతా ప్రతులు ముద్దయిపోయాయి, ఆ ఒక్కటే దక్కింది. నాకు చదవరాని భాషలో ఒక పుస్తకం మొత్తం పెరట్లో గాలికి ఊగుతుంటే, ఇలియే అంకుల్ చేతులు జేబుల్లో పెట్టుకుని కాసేపు చూసి, వీధి కాలవ బాగుచేయించడం కోసం సిటీ కౌన్సిల్‌కి పోటీ చేస్తానన్నాడు.

ఆయన మీద నిలబడినవాడు ఇన్సూరెన్స్ ఏజెంటు. అతని కరపత్రం మీద అతనూ, అతని కుక్కా, కింద ఒక వాక్యమూ ఉండేవి. ఇలియే అంకుల్ కరపత్రం నాలుగు పేజీలు, కాలవ ప్రస్తావన మూడో పేజీలో వచ్చేది. మొదటి రెండు పేజీల్లో వాతావరణ వర్ణన.

మా అపార్ట్‌మెంట్లు ఆయన వార్డులోనే ఉన్నాయి. అందుకని నాన్న ఒక ఆదివారం తెలుగువాళ్ళందరినీ మా ఇంటికి పిలిచి, ఆయన చేత మాట్లాడించాడు. తలా ఒక గిన్నె తెచ్చారు. పేపర్ ప్లేటులో బిసిబేళాబాత్ వంగిపోతుండగా ఇలియే అంకుల్ కాలవ గురించి చెప్పాడు. అందరూ తలలాడించారు. పై అంతస్తు సుబ్బారావు అంకుల్ లేచి, "హండ్రెడ్ పర్సెంట్ సర్, మా ఓట్లన్నీ మీకే, తప్పకుండా," అన్నాడు. అందరూ తప్పకుండా, తప్పకుండా అన్నారు. ఆ మాటకి అర్థం అడిగి తెలుసుకున్న ఇలియే అంకుల్, అంత నమ్మకమైన మాట తను ఏ భాషలోనూ వినలేదన్నాడు.

ఇబ్బంది ఏమిటంటే, ఆ హాల్లో ఓటున్న మనిషి ఆయనొక్కడే. మా అందరివీ గ్రీన్‌కార్డులు. తను గడువు నిండగానే పౌరసత్వం తీసుకున్నాడు, అందరూ అంతేననుకున్నాడు కనక ఆ ప్రశ్న ఆయనకి తట్టలేదు. గడప తొక్కి అడిగిన మనిషి మొహం మీద లేదనకూడదు కనక ఆ జవాబు మావాళ్ళకి రాలేదు.

మర్నాడు అమ్మ అంది, "ఏవండీ, ఆయనకి చెప్పేయండి. పాపం, మంచులో పడి తిరుగుతున్నాడు."

"చెప్తాలే. అన్నం తింటున్న మనిషికి ఎలా చెప్పను?"

"ఆయన మనింటికొచ్చినప్పుడల్లా తింటూనే ఉంటాడుగా."

"అదే కదా వచ్చిన చిక్కు."

అలా చలికాలం గడిచింది. మా బిల్డింగులు జేబులో ఉన్నట్టే అనుకుని ఇలియే అంకుల్ లెక్కలు వేసుకున్నాడు. పక్క సందులో ముసలమ్మలుండే ఇళ్ళకి వెళ్ళలేదు. ఏజెంటు వెళ్ళాడు, కుక్కతో సహా. ఏప్రిల్లో ఎన్నికలైతే ఇలియే అంకుల్ ఓడిపోయాడు. తేడా ఎంతంటే, మా హాల్లో ఆరోజు పట్టినంత మంది.

ఆ సాయంత్రం నాన్న నా చెయ్యి పట్టుకుని గడ్డి దాటి వెళ్ళాడు. పిల్లనెందుకు తీసుకెళ్ళాడో అప్పుడు తెలియలేదు, ఇప్పుడు తెలుసు. అంకుల్ మెట్లమీద ఉన్నాడు. నాన్న నిలబడే, ఇంగ్లీషులో, ఉన్న సంగతి చెప్పాడు.

"అందరూనా?" అని తలుపు దగ్గర నుంచి ఫ్లోరికా ఆంటీ అడిగింది.

"అందరం."

ఇలియే అంకుల్ మా బిల్డింగు కిటికీలని వరసగా చూశాడు. "శీతాకాలమంతా మీ ఇంట్లో తిన్నాను," అన్నాడు చివరికి. "ఒక్కసారి కూడా లేదన్న మాట వినలేదు. పెరుగు లేదని కూడా అనలేదు మీరు." లేచి లోపలికి వెళ్ళాడు. తలుపు వెయ్యడం కూడా మెల్లిగానే వేశాడు.

మర్నాడు అమ్మ నా చేత గుత్తివంకాయ కూర పంపింది. మూడోరోజు గిన్నె మా గుమ్మం ముందు ఉంది, శుభ్రంగా కడిగి, ఖాళీగా. అమ్మ దాన్ని చేతిలో తిప్పి చూసి, అల్మరాలో పై అరలో పెట్టింది. ఆ ఏడాది ఆగస్టులో బొగ్గుల వాసన మామూలుగానే వచ్చింది. మేము కిటికీ వేసుకున్నాం.

నాన్నకి పౌరసత్వం తీసుకునే అర్హత అప్పటికే వచ్చింది. కానీ నీలం ఇండియన్ పాస్‌పోర్టు నాఫ్తలీన్ ఉండల మధ్య సూట్‌కేసులో ఉండేది, వచ్చే ఏడు వెళ్ళిపోతాం కదా అని వాయిదా వేస్తూ వచ్చాడు. ఆ మాట కూడా ఒక రకం తప్పకుండాయే. ఆ చలికాలం అప్లికేషన్ పెట్టాడు. ఎందుకని అడిగిన సుబ్బారావు అంకుల్‌తో, "బేస్‌మెంట్‌లో నీళ్ళొస్తున్నాయండీ," అన్నాడు. షికాగో కోర్టులో ప్రమాణం చేసి వచ్చిన రోజు కోటు విప్పకుండానే గడ్డి దాటి వెళ్ళి, సర్టిఫికెట్ ఇలియే అంకుల్ చేతిలో పెట్టాడు.

ఆయన అటూ ఇటూ తిప్పి చూశాడు. "తప్పకుండా?" అన్నాడు తెలుగులో, మొహం మీద ఏమీ కనిపించనీకుండా.

"కాదు," అన్నాడు నాన్న. "వేస్తాను, అంతే."

వారంలోపల ఆంటీ మా గుమ్మంలోకి వచ్చి ఖాళీ గిన్నె అడిగింది. పై అరలోంచి అమ్మ తీసిచ్చిన గిన్నె, ప్లమ్ జామ్‌తో తిరిగొచ్చింది.

మళ్ళీ ఎన్నికలు నాలుగేళ్ళకి వచ్చాయి. ఈలోగా సుబ్బారావు అంకుల్ కూడా, నాన్న ఒక్కడే అమెరికన్ అయిపోవడం చూడలేక, ప్రమాణం చేశాడు. మిగతావాళ్ళు చాలామంది వాళ్ళ వెనకే నడిచారు. ఇలియే అంకుల్ ఈసారి కరపత్రాన్ని రెండు పేజీలకి తగ్గించాడు. వాతావరణం ఒక పేరాయే. గెలిచాడు. కౌన్సిల్‌లో ఆయన ఇంకే గొప్ప పనులు చేశాడో నాకు తెలియదు గాని, ఎనభైల చివర మా వీధి తవ్వి పెద్ద పైపులు దింపారు. అప్పటికి హైస్కూల్లో ఉన్న నన్ను ఆ గొయ్యి అంచుకి తీసుకెళ్ళి చూపించాడు. "కామ్రేడ్, ఇదే నా రెండో పుస్తకం. చదివేవాళ్ళుండరు. వాడుకునేవాళ్ళుంటారు. సూప్ కంటే ఇది నయం."

మొన్న ఏప్రిల్లో పనిమీద అటు వెళ్ళాను. చెక్క ఇల్లు లేదు, అక్కడ పార్కింగ్ లాట్. బొగ్గులు లేవు, తీగ లేదు, గరిటె పట్టుకుని గడ్డి దాటే మనిషీ లేదు. ఆంటీ, ఆయనా పోయి చాలా ఏళ్ళయింది. తీగ మీద ఆరిన ఆ పుస్తకం, ఆంటీ నాకిచ్చేసింది, పేజీలు ఉబ్బి, నా దగ్గరే ఉంది, ఇప్పటికీ చదవరాదు. బిల్డింగులోంచి వస్తున్న ఒక కుర్రాణ్ణి, బేస్‌మెంట్‌లోకి నీళ్ళొస్తాయా అని అడిగాను. ఎందుకొస్తాయి అన్నాడు, నన్ను వింతగా చూసి.

అంతలో వాన అందుకుంది. వీధి చివర ఇనుప జాలీ దగ్గరికి వెళ్ళి, గొడుగు పట్టుకుని నిలబడ్డాను. నీళ్ళు ఎక్కడా ఆగకుండా, వెనక్కి తిరగకుండా, గలగలమంటూ లోపలికి దిగిపోతున్నాయి. రెండో పుస్తకం ఒక్కటే నాకు అర్థమయ్యే భాషలో ఉంది గనక, వాన వెలిసేదాకా విన్నాను.