ఒక చేతిలో టువ్వాల, ఒక చేతిలో కెమెరా

దెయ్యాల కథలు చెప్పేవాళ్లంటే నాకు ఒళ్లు మంట. మా నాయన ఊళ్లో చర్చి గంట కొట్టేవాడు. సమాధుల దొడ్డి పక్కనే మా ఇల్లు. చిన్నప్పుడు ఆ సమాధుల మీద కూర్చునే గోలీలాడాం. పెద్దయి ఫోటో స్టూడియో పెట్టాక పెళ్లిళ్లతో పాటు ఇంకో పని కూడా నా నెత్తిన పడింది. బావిలో తేలినవాళ్లు, రైలు పట్టాల మీద పడినవాళ్లు, ఎవరైనా సరే, పోలీసులు పిలిపిస్తే వెళ్లి ఫోటోలు తీసేది నేనే. ఇన్నేళ్లలో ఒక్క శవమూ లేచి నన్ను పలకరించలేదు.

అందుకే ఇది చెప్పడానికి నాకే సిగ్గుగా ఉంది. నవ్వేవాళ్లు నవ్వండి. జరిగింది జరిగినట్టు చెప్తాను.

నా పేరు దానం. బనగానపల్లెలో మా స్టూడియో ఉన్న వీధిలోనే శివన్న ట్రాక్టర్ సామాన్ల దుకాణం నడిపేవాడు. నాకంటే రెండేళ్లు పెద్ద. సేద్యం ఉంది, దుకాణం ఉంది, అయినా ఆయన ప్రాణమంతా ఒక పాత జీపు మీదే. రోడ్డు లేని చోట బండ్లు తోలే పోటీలు ఉంటాయి కదా, వాటి పిచ్చి. పక్క సీట్లో కూర్చుని దారి పుస్తకం చూసి ఎడమా కుడీ చెప్పేది ఖాజా. వాడికి వెల్డింగ్ షాపు ఉంది. నీళ్లు, తిండి, పనిముట్లు మోసుకుని దారిలో ముందే వెళ్లి నిలబడేది నేను. అంతే మా జట్టు.

శివన్నకు ఒక పద్ధతి ఉండేది. నీళ్ల కోసం బండి ఆపితే పోటీలో వెనకబడతామని ఆపేవాడు కాదు, నెమ్మది చేసేవాడు. నేను దారి పక్కన రెండు చేతులూ చాచి నిలబడాలి. ఎడమ చేతిలో తడిపిన టువ్వాల, కుడి చేతిలో నీళ్ల సీసా. ముందు టువ్వాల లాక్కుని ఖాజా ఒళ్లో వేసేవాడు, ఆ వెంటనే సీసా. రెప్పపాటులో అయిపోయేది. దీన్ని హైస్కూలు మైదానంలో మాచేత ఎన్నిసార్లు చేయించాడో లెక్కలేదు. నేను మెడలో కెమెరా వేసుకున్నప్పుడల్లా తిట్టేవాడు.

"రెండు చేతులకు రెండు పనులు, అంతే. మూడోది పెట్టుకోగాకప్పా. నీ ఫోటో యాడికీ పోదు, నా గొంతు ఎండిపోతాది."

ఆ పోటీ నాపరాళ్ల గనుల బీళ్లలో జరిగింది. కొలిమిగుండ్ల దాటాక మొదలై జమ్మలమడుగు వైపు దిగుతుంది. అంతా రాతినేల. ఎండిన వంకలు, తుమ్మ చెట్లు, తవ్వి వదిలేసిన గుంతలు. మాఘమాసంలో పెట్టాల్సింది వాయిదా పడి పడి చైత్రం దాటాక పెట్టారు. పొద్దున తొమ్మిదికే బండ మీద చెయ్యి పెట్టలేని ఎండ.

పోటీ నడిపేవాళ్లకు మనుషులు చాలలేదు. మూడో మలుపు దగ్గర నిలబడే నాకే ఒక వాకీటాకీ, ఒక కాగితం ఇచ్చారు. దాటిన ప్రతి బండి నంబరూ టిక్కు పెట్టి గుడారంలో ఉన్నవాళ్లకు చెప్పాలి. పైగా వాళ్లలో ఒకాయన నా కెమెరా చూసి, మంచి ఫోటో వస్తే వచ్చే ఏడు మా కాలెండర్ మీద వేస్తామన్నాడు. శివన్న బండి గోడ మీద కాలెండర్‌లో ఉంటే ఎట్లుంటుందో అప్పుడే ఊహించేసుకున్నాను. నా ఆశ మండిపోను.

జీపు బయలుదేరాక నేను మోటార్ సైకిల్ మీద అడ్డదారిన మూడో మలుపుకు చేరాను. పదకొండు గంటలప్పుడు పొట్లం విప్పి ఉగ్గాని, బజ్జీ తిన్నాను. చెయ్యి తుడుచుకోవడానికి ఏమీ దొరకక శివన్న కోసం పెట్టిన టువ్వాలకే తుడుచుకున్నాను. ఎర్రకారం మరక పడింది. ఆయన చూస్తే తిడతాడని ఆ మూల నీళ్లలో ముంచి రుద్దాను. పోలేదు. ఇది ఎందుకు చెప్తున్నానంటే, ఆ టువ్వాల ఏదో నాకు బాగా తెలుసు. తెల్లది, ఎర్ర అంచు, ఒక మూల రూపాయి బిళ్లంత కారం మరక. జీపు వెళ్లిపోయాక పడిన మరక అది.

మధ్యాహ్నం ఒంటిగంట దాటి ఐదు నిమిషాలకు పద్నాలుగో నంబరు వచ్చింది. మా నంబరు.

దూరం నుంచే దుమ్ము చూసి లేచాను. టువ్వాల ముంచి ఎడమ చేత్తో పట్టుకున్నాను. నీళ్ల సీసా నా కాళ్ల దగ్గర పెద్ద నీళ్ల క్యాను పక్కనే ఉంది. కుడి చేతిలో కెమెరా. ఒక్కసారికి ఏం కాదులే, టువ్వాల అందించి ఫోటో తీసి, తర్వాత సీసా విసురుదాం అనుకున్నాను. బటన్ నొక్కిపట్టాను. కెమెరా టకటకమని వరసగా తీస్తూ పోయింది.

బండి నెమ్మదించింది. ముందు అద్దం నిండా దుమ్ము. శివన్న చెయ్యి బయటికి వచ్చి టువ్వాల లాగింది. లాగిన ఆ పట్టు నా వేళ్లకు తెలిసింది. ఆయన మొహం ఎర్రగా కమిలిపోయి ఉంది. నా మొహం చూడలేదు, నా కుడి చేతిని చూశాడు. తర్వాత కింద ఉన్న క్యాను చూశాడు. ఆ మనిషి తిట్టకుండా వెళ్లడం అదే మొదటిసారి. నేను కెమెరా దించి సీసా అందుకునేసరికి బండి మలుపు తిరిగింది.

పక్కన ఖాజా ఉన్నాడా అంటే నాకు గుర్తు లేదు. ఎంతమంది అడిగారో! నిజంగా గుర్తు లేదు.

కాగితం మీద టిక్కు పెట్టాను. వాకీటాకీలో చెప్పాను, "పద్నాలుగు దాటింది. అంతా బాగుంది." ఈ మాటలు నేనే అన్నాను, నా నోట్లో మన్ను పడ.

మూడున్నర అయింది. చివరి గుర్తు దగ్గరికి మిగతా బండ్లన్నీ చేరాయి, పద్నాలుగు చేరలేదు. గుడారం నుంచి అడిగారు, ఖచ్చితంగా దాటిందా అని. నా చేతిలోంచి టువ్వాల తీసుకుని పోయినారు సార్, అన్నాను. ఇంకేముంది, అందరూ మూడో మలుపు దాటాక ఉన్న దారిలోనే వెతికారు. రెండు గంటలు వంకా గుంతా వదలకుండా వెతికారు. నేనూ వెతికాను. వెనకవైపు ఒక్కడూ పోలేదు.

ఐదున్నరకు ఒక గొర్రెల కాపరి రొప్పుతూ వచ్చాడు.

"ఏమప్పా, జీపు మీదేనా? యనకాల వంకలో తిరగబడి ఉండాది. ఒకడు బతికుండాడు. ఇంకొకాయప్ప ఈతట్టు నడిసొస్తా పడిపోయినట్టుండాడు."

వెనకాల ఎట్లా ఉంటుంది? నేను చూశాను కదా, ముందుకు పోయింది కదా అని ఆ ముసలాయనతో వాదించాను కూడా. ఆయన నన్ను పిచ్చివాణ్ణి చూసినట్టు చూశాడు.

మూడో మలుపుకు తొమ్మిది కిలోమీటర్లు వెనక ఉంది జీపు. రెండో మలుపు దాటాక దారి తప్పి వేరే వంకలోకి దిగారు. ముందు చక్రం విరిగి బండి పక్కకు పడింది. ఖాజా కాలు కింద ఇరుక్కుంది. బండిలో ఉన్న నీళ్ల క్యాను రాతికి తగిలి పగిలిపోయింది. ఇదంతా పదకొండు లోపలే జరిగిందని తర్వాత ఖాజా చెప్పాడు. పోటీ బండ్లేవీ అటు రావు. ఫోన్లు పనిచెయ్యవు. శివన్న నీళ్ల కోసం నా దగ్గరికే నడుచుకుంటూ బయలుదేరాడు.

రెండు కిలోమీటర్లు కూడా నడవలేదు. ఒక తుమ్మచెట్టు కింద పడి ఉన్నాడు, తల నేను నిలబడిన వైపుకి. వడదెబ్బ. తర్వాత డాక్టరు చెప్పినదాని ప్రకారం మధ్యాహ్నం పన్నెండుకు అటూ ఇటూగా పోయాడు.

వంక ఇసుకలో ఆయన అడుగులు స్పష్టంగా ఉన్నాయి. జీపు దగ్గర నుంచి చెట్టు దాకా ఒకే వరస. తిరిగి వెళ్లిన అడుగు ఒక్కటీ లేదు. గొర్రెల కాపరి చూశాడు, నేనూ చూశాను.

ఖాజాను బయటికి లాగేటప్పుడు వాడికి తెలివి లేదు. మొహం మీద టువ్వాల కప్పి ఉంది. ఒక కొస వాడి నోట్లో ఉంది. ఆ ఎండకు పావుగంటలో ఎండిపోవాల్సిన గుడ్డ ఇంకా తడిగానే ఉంది. ఎర్ర అంచు. మూల తిప్పి చూశాను. కారం మరక.



ఎస్సై వచ్చాడు. పంచనామాకు ఫోటోలు కావాలన్నాడు. "ఫోటోగ్రాఫరు ఈడే ఉండాడు కదా" అని ఎవరో నన్ను చూపించారు. ఎన్నో తీశాను, ఇదీ తీశాను. మొదటివన్నీ పాడయ్యాయి. మళ్లీ తీశాను.

ఆ రాత్రి స్టూడియో తలుపు వేసుకుని కార్డు పెట్టి చూశాను. మధ్యాహ్నం తీసినవి పంతొమ్మిది. బీడు ఉంది, దారి ఉంది, దుమ్ము ఉంది. జీపు ఒక్కదాంట్లోనూ లేదు. పదమూడో దాంట్లో ఒక మూల నా ఎడమ చెయ్యి, వేలాడుతున్న టువ్వాల. పద్నాలుగో దాంట్లో నా చెయ్యి ఒక్కటే ఉంది. వేళ్లు తెరిచి ఉన్నాయి. ఎదురుగా ఎవరూ లేరు.

కర్మలు అయ్యాక శివన్న భార్య లక్ష్మీదేవి వదిన స్టూడియోకు వచ్చింది. ఏడుపంతా అయిపోయిన మొహం.

"దానమప్పా, ఆ పొద్దు శానా ఫోటోలు తీసింటావు. మీయన్నది ఒగటి చూపీ. బండి తోల్తా ఉన్నేది."

కార్డు పాడైపోయిందని అబద్ధం చెప్పాను. ఆ రోజు శివన్నవి నా దగ్గర ఉన్నవి పంచనామా ఫోటోలే. అవి ఎట్లా చూపను? ఆమె కాసేపు బల్ల మీద ఉన్న కెమెరాను చూస్తూ కూర్చుని లేచి వెళ్లిపోయింది. ఇప్పటికీ ఆ వీధిలో ఎదురైతే నేనే సందులోకి తప్పుకుంటాను.

చాలా కాలానికి చదువుకున్న ఒకరిద్దరికి చెప్పాను. ఎండకు నీకు కళ్లు తిరిగి ఉంటాయి అన్నారు. నిజమే కావచ్చు. వేరే బండిని చూసి మాదనుకుని ఉంటావు అన్నారు. అదీ కావచ్చు, కానీ అట్లయితే ఆ బండి అయినా ఫోటోలో ఉండాలి. మరి టువ్వాల అంటే మాట మారుస్తారు. నేనూ వాళ్లను ఇరుకున పెట్టడం మానేశాను.

పోటీ జరిగిన రెండు నెలలకు ఖాజా కర్నూలు ఆసుపత్రి నుంచి ఇంటికి వచ్చాడు. కాలు మోకాలి కింద తీసేశారు. పరామర్శకు వెళ్లాను. టువ్వాల గురించి నేను అడగలేదు, అడిగే ధైర్యం లేదు. వాడే చెప్పాడు. అప్పటికి నా కెమెరా సంగతి నేను ఎవరికీ చెప్పలేదు. టువ్వాల ఏ చేతిలో ఉందో, రెండో చేతిలో ఏముందో ఎవరికీ తెలియదు.

"శివన్న మళ్లీ వచ్చినాడు దానం. నా మూతి మీద గుడ్డ ఏసినాడు. నీళ్లేవన్నా అని అడిగితి. దానంగాని చేతిలో కెమెరా ఉండాదిరా, ఇది ఒకటే ఇచ్చినాడు, దీన్నే చప్పరించు అన్న్యాడు. ఆయప్పను నువ్వు నీళ్లు తాగినావా అంటే పలకల్యా."

ఇది ఎట్లా జరిగిందో నాకు తెలియదు. మా పాస్టరు గారిని అడిగాను, ఆయనా తెలియదన్నారు. నాకు తెలిసింది ఒక్కటే. ఆ రోజు నా కాళ్ల దగ్గర ఇరవై లీటర్ల క్యాను నిండుగా ఉంది.